బైబిలు చదివే పద్ధతి – 5వ పాఠం: రాసిందెవరు?

పోయిన పాఠంలో దేవుని సార్వభౌమత్వం గురించి చెప్పి, చివర్లో ఒక అభ్యాసం ఇచ్చాను. మీ జీవితంలో జరిగిన ఒక సంగతి తీసుకుని, అందులో దేవుని పరిపాలన ఎలా కనబడిందో ఐదు వాక్యాల్లో రాయమన్నాను. జవాబులు వచ్చాయి. సోంపేట నుంచి రాజాం దాకా, కొన్ని కాగితాల మీద, కొన్ని వాట్సాప్‌లో ఫొటోలుగా. చదువుతుంటే నాకే టెన్షన్ మొదలైంది. సగానికి పైగా జవాబులు ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాయి: "అలా రాసిపెట్టి ఉంది."

ఈ నెల ప్రత్యక్షత గురించి, అంటే దేవుడు తనను తాను మనుషులకు ఎలా తెలియజేసుకున్నాడో చెబుదామని నోట్సు సిద్ధం చేసుకున్నాను. ఆ నోట్సు ఇప్పుడు సగమే వాడతాను. ముందు ఈ "రాసిపెట్టి ఉంది" సంగతి తేలాలి. తప్పు కొంత నాదే. సార్వభౌముడంటే అన్నిటి మీద అధికారం ఉన్నవాడని చెప్పి వదిలేశాను. ఆ అధికారం ఎలా పనిచేస్తుందో బైబిలు వాక్యాల్లో చూపించలేదు.

మూడు జవాబులు చెబుతాను, పేర్లు లేకుండా.

ఒకటి, పలాస దగ్గర జీడితోట ఉన్న ఒక అక్కగారిది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఆమె తోట మొత్తం పడిపోయింది. "ఆ గాలిలో దేవుడు మాతో ఏదో చెప్పాడు, అదేటో ఇప్పటికీ తెలీలేదు మేస్టారూ" అని రాసింది. రెండోది ఒక తమ్ముడిది. రెండుసార్లు డీఎస్సీ రాశాడు, రాలేదు. "దేవుని చిత్తం కాదు" అని రాసి, కింద చిన్న అక్షరాలతో పుస్తకాలు అమ్మేశానని కూడా రాశాడు. మూడోది ఉద్దానంలో వారానికి రెండుసార్లు తండ్రిని డయాలసిస్‌కి తీసుకెళ్లే ఒకాయనది. ఆయన ఒకే వాక్యం రాశాడు: "నాన్నకి ఈ జబ్బు రాసిపెట్టి ఉన్నాది, ఇంక ఆస్పత్రులెందుకని ఆయనే అంటున్నాడు."

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ చిక్కు వచ్చినా నా చెయ్యి వ్యాకరణం వైపే పోతుంది. వేదాంత కళాశాలలో చదివిన పాస్టరుగారైతే ఇంకోలా మొదలుపెడతారు. నాకు తెలిసిన దారి ఇదే.

"రాసిపెట్టి ఉంది." ఈ వాక్యంలో కర్త ఎవరు?

లేడు. వెతకండి, దొరకడు. మన భాషలో ఇలాంటి వాక్యాలు బోలెడు. జరిగిపోయింది. అయిపోయింది. రాలిపోయింది. పగిలిన గ్లాసు కూడా మన ఇళ్లలో "పగిలిపోయింది" తప్ప ఎవరూ పగలగొట్టరు. తప్పు ఎవరి మీదా పడకుండా మాట్లాడడానికి తెలుగంత సుఖమైన భాష లేదు. ఆ సుఖాన్ని మనం ప్రార్థనలోకీ, బైబిలు చదువులోకీ మోసుకొచ్చాం. ఇరుగుపొరుగు వాళ్ల నమ్మకాన్ని నేను ఇక్కడ తప్పుపట్టడం లేదు. తలరాత అనేది ఒక ఆలోచన, దానికి దాని లెక్క దానికుంది. కానీ బైబిలు చెప్పే సార్వభౌమత్వం అది కాదు. తలరాతను కర్త లేని వాక్యంలో చెప్పేయొచ్చు. సార్వభౌమత్వాన్ని కర్త లేకుండా చెప్పడం కుదరదు, ఎందుకంటే అక్కడ ఒక వ్యక్తి ఉన్నాడు, ఆయన ఒక పని చేస్తున్నాడు.

కొందరు తెలివిగా కర్తను తెచ్చి పెట్టారు. అక్కడ ఇంకో గొయ్యిలో పడ్డారు. నన్ను అసలు విసిగించేది ఈ గొయ్యే, అందుకని కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

మీ సంగతికి పోలికగా మీలో కొందరు యోసేపు కథ తెచ్చారు, అన్నలు అమ్మేస్తే ఐగుప్తు చేరిన యోసేపు. దాని మీద మీరు రాసిన వాక్యాలు చూడండి. "దేవుడు అన్నలచేత యోసేపును అమ్మించాడు." "దేవుడు పోతీఫరు భార్యచేత నింద వేయించాడు." "దేవుడు పానదాయకుణ్ణి మరిపించాడు." అమ్మించాడు, వేయించాడు, మరిపించాడు! ఈ "ఇంచు" ప్రత్యయం ఎక్కడిది? ఆదికాండంలో ఉందా? నేను 37వ అధ్యాయం నుంచి 50 దాకా పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. యోసేపును ఇరవై తులాల వెండికి అమ్మింది అన్నలు. అబద్ధం చెప్పింది ఆ ఇల్లాలు, యోసేపు యజమాని భార్య. చెరసాలలో తనకు సాయపడ్డ యోసేపును మరిచిపోయింది పానదాయకుడు. ఆ క్రియలకు కర్తలు మనుషులే. దేవుడు అమ్మించాడని ఎక్కడా లేదు.

మరి దేవుడు ఏం చేశాడు? దానికి 45వ అధ్యాయం తెరవండి. యోసేపు తనెవరో అన్నలకు చెప్పుకునే చోటు అది. 4వ వచనంలో "మీరు అమ్మివేసిన" తమ్ముణ్ణి నేనే అంటాడు. 5వ వచనంలో "ప్రాణరక్షణకొరకు దేవుడు మీకు ముందుగా నన్ను పంపించెను" అంటాడు. 8వ వచనంలో ఇంకా గట్టిగా, "దేవుడే గాని మీరు నన్నిక్కడికి పంపలేదు" అంటాడు. ఒకే ప్రయాణం. దానికి రెండు క్రియలు. అమ్మడం అన్నలది, పంపడం దేవునిది. యోసేపు ఈ రెంటినీ కలిపి ఒక్క "అమ్మించు" చేయలేదు. చేసి ఉంటే అన్నలు ఆ పూటే ఊపిరి పీల్చుకునేవాళ్లు, "చూశావా, మాదేం లేదు, దేవుడే చేయించాడు" అని.

"పంపించెనులో కూడా ఇంచు ఉంది కదా మేస్టారూ" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అందుకే ముందే చెబుతున్నా. పంపు, పంపించు మన వాడుకలో ఒక్కటే. ఎవరిచేతనో పంపించాడని కాదు. 8వ వచనంలో "పంపలేదు" అనే ఉంది చూడండి.

105వ కీర్తన 17వ వచనం ఇదే కథను ఒక్క ముక్కలో చెబుతుంది: "వారికంటె ముందుగా ఆయన యొకని పంపెను, యోసేపు దాసుడుగా అమ్మబడెను." పంపెనుకు కర్త ఆయన. అమ్మబడెనుకు కర్త పైకి లేడు, కానీ కథ తెలిసినవాళ్లకు తెలుసు. ఆదికాండం 50:20 కూడా అంతే, "మీరు నాకు కీడుచేయ నుద్దేశించితిరి", "అది మేలుకే దేవుడు ఉద్దేశించెను." ఉద్దేశించడం అనే క్రియ ఇద్దరికీ ఉంది, ఒకరిది ఇంకొకరి ఖాతాలో పడలేదు. దీన్ని పట్టుకుంటే పోయిన పాఠం పట్టుకున్నట్టే. మనుషుల క్రియలను మనుషుల దగ్గరే ఉంచి, వాటికి పైన తన క్రియను నడిపించగలిగేవాణ్ణి బైబిలు సార్వభౌముడంటుంది. అందరినీ తోలుబొమ్మల్లా ఆడించడం దానికన్నా చాలా తేలికైన పని.

బొబ్బిలి నుంచి ఒకరు మంచి ప్రశ్న వేశారు. "మరి ఫరో సంగతేమిటి? దేవుడే అతని హృదయాన్ని కఠినపరిచాడని ఉంది కదా?" ఉంది, తప్పించుకోను. ఇశ్రాయేలీయులను వదిలిపెట్టమని దేవుడు మోషే ద్వారా అడిగితే వదలనన్న ఐగుప్తు రాజు ఈ ఫరో. నిర్గమకాండంలో ఆ మాట మూడు రూపాల్లో వస్తుంది. కొన్ని చోట్ల ఫరో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడు (8:15 చూడండి). కొన్ని చోట్ల కర్త లేకుండా హృదయం కఠినమైంది. 9:12కి వచ్చేసరికి యెహోవా కఠినపరిచాడు. ముందు ఫరో చేసుకున్నాడు, ఆ తర్వాతే దేవుడు ముద్ర వేశాడు అని కొందరు చెబుతారు. కానీ 4:21లోనే, మోషే ఇంకా ఐగుప్తు చేరకముందే, దేవుడు ఈ మాట అనేశాడు, కాబట్టి ఆ జవాబు అంత తేలిగ్గా నిలబడదు. దీని మీద సంఘాలే చీలాయి. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ పట్టణంలో నెలల తరబడి కూర్చుని వాదించుకున్నారు, ఒక పక్షం దేవుని నిర్ణయమే ముందన్న కాల్విన్ మాట, ఇంకో పక్షం మనిషి ఎంపికకూ చోటుందన్న అర్మీనియస్ మాట. నాలుగు వందల ఏళ్లు దాటినా మన సంఘాల్లో ఇప్పటికీ రెండు పక్షాల వాళ్లూ పక్కపక్క బెంచీల్లో కూర్చుంటున్నారు. నేను ఎటో చెప్పను. నాకొక మొగ్గు ఉంది, అది మీ పాఠానికి అడ్డం రాకూడదు.

ఫరో కథలో నాకు ముఖ్యం అనిపించేది ఇంకొకటి ఉంది. దానితోనే ఈ నెల పాఠంలోకి దిగుతాం.

5:2లో ఫరో ఒక ప్రశ్న అడుగుతాడు. "యెహోవా ఎవడు? నేను యెహోవాను ఎరుగను." పొగరుగా అడిగాడు, నిజమే. కానీ సరైన ప్రశ్న అడిగాడు. కర్త ఎవరు అని అడిగాడు! అక్కడి నుంచి పది తెగుళ్ల కథ మొత్తం ఆ ప్రశ్నకు జవాబు. "నేను యెహోవానని తెలిసికొందురు" అనే మాట ఆ అధ్యాయాల్లో ఎన్నిసార్లు వస్తుందో చదివినవాళ్లకు తెలుసు. 9:16లో ఫరోతోనే దేవుడు చెబుతాడు, నా బలాన్ని నీకు చూపించడానికి, నా నామం భూమి అంతటా తెలియడానికి నిన్ను నిలబెట్టానని. అధికారం, తెలియజేసుకోవడం రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. నేను వేర్వేరు నెలల్లో చెబుదామనుకున్న రెండు పాఠాలను బైబిలు ఒకటిగానే చెప్పింది.

దేవుడు ఇలా తనను తెలియజేసుకోవడానికి మన పాత అనువాదంలో వాడిన మాట "బయలుపరచు". బయలు అంటే తెలుసు కదా, గోడా కప్పూ లేని ఖాళీ చోటు. ఊళ్లో నాటకం ఆడితే బయల్లో ఆడతారు, అందరూ చూడాలని. లోపల ఉన్నదాన్ని బయలుకు తేవడం బయలుపరచడం. మనం తలుపు తోసుకుని లోపలికి వెళ్లి దేవుణ్ణి కనిపెట్టామని ఈ మాట చెప్పదు. ఆయన బయటికి వచ్చాడని చెబుతుంది. కర్త ఆయనే, ఇక్కడ కూడా.

సృష్టి ద్వారా బయలుపరచుకోవడం గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అనే 19వ కీర్తన, రోమా 1:20, రెండూ చదువుకోండి. ఒక్క మాట మాత్రం చెబుతాను. చూపు మందగించిన ముసలివాళ్లకు పుస్తకం చేతికిస్తే ఏదో రాసి ఉందని తెలుస్తుంది గానీ రెండు ముక్కలు కూడా చదవలేరు, కళ్లజోడు పెడితే చదువుతారు, లేఖనం ఆ కళ్లజోడు అన్నాడు కాల్విన్. డెబ్బై దగ్గరపడ్డ నాకు ఆ పోలిక ఏ వ్యాఖ్యానమూ లేకుండానే అర్థమైంది.

ఇక ఆయన పేరు. మోషే మండుతున్న పొద దగ్గర దేవుణ్ణి అడిగాడు, నిన్ను పంపింది ఎవరంటే ఏం చెప్పమంటావని. "నేను ఉన్నవాడను అను వాడనైయున్నాను" అన్నాడు దేవుడు (నిర్గ. 3:14). కర్తా క్రియా ఒకటైపోయిన వాక్యం అది. హెబ్రీ మాటలను పండితులు "నేను ఉండబోయేవాడిగా ఉంటాను" అని కూడా చదువుతారు. పేరు అడిగితే పేరు చెప్పినట్టూ ఉంది, చెప్పనట్టూ ఉంది. నన్ను నీ గుప్పిట్లో పెట్టుకోలేవు, కానీ నీతో ఉంటాను, నడుస్తూ తెలుసుకో అన్నట్టు. తర్వాత 34:6లో ఆ పేరుకు అర్థం ఆయనే విప్పాడు, కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృప, సత్యం అని. క్రైస్తవ విశ్వాసం ప్రకారం ఆ విప్పడం క్రీస్తులో పూర్తయింది. "ఎవడును ఎప్పుడైనను దేవుని చూడలేదు" అని మొదలైన యోహాను 1:18 కుమారుడే "ఆయనను బయలుపరచెను" అని ముగుస్తుంది. మళ్లీ అదే మాట.

ఇప్పుడు ఒక క్రియ ఇస్తాను. యోసేపు దగ్గర నేర్చుకున్నది ఇక్కడ వాడండి. క్రియ "అప్పగించు".

మత్తయి 26:15లో శిష్యుడైన ఇస్కరియోతు యూదా ప్రధాన యాజకులను అడుగుతాడు, యేసును మీకు అప్పగిస్తే నాకేమిస్తారని. ముప్పై వెండి నాణేలకు బేరం కుదిరింది. 27:26లో రోమా అధిపతి పిలాతు సిలువ వేయడానికి అప్పగించాడు, గొడవ పెద్దదవుతోందని చూసి. రోమా 8:32లో తండ్రి తన సొంత కుమారుణ్ణి మన అందరి కోసం అప్పగించాడు. గ్రీకులో కూడా మూడుచోట్లా ఒకటే క్రియ. ముగ్గురు కర్తలు. ఒకడిది డబ్బు, ఒకడిది భయం, ఒకరిది ప్రేమ. ఇప్పుడు అపొస్తలుల కార్యములు 2:23లో పేతురు వాక్యం చదవండి. దేవుడు నిశ్చయించిన సంకల్పాన్ని అనుసరించి "అప్పగింపబడిన యీయనను మీరు" సిలువ వేయించి చంపారు అంటాడు. ఒకే వాక్యంలో దేవుని సంకల్పమూ ఉంది, "మీరు" అనే నిందా ఉంది. పేతురు దేనికీ మొహమాటపడలేదు. దేవుడు యూదాచేత అప్పగింపించాడు అనే వాక్యం మీరు రాస్తే మాత్రం నేను ఎర్ర సిరాతో కొట్టేస్తాను.

"బడు" గురించి ఒక ముక్క. "దుఃఖపడువారు ధన్యులు, వారు ఓదార్చబడుదురు" అన్నప్పుడు ఓదార్చేది ఎవరు? దేవుడు. భక్తితో ఆయన పేరు ఎత్తకుండా ఇలా మాట్లాడడం యూదుల్లో ఉన్న అలవాటు. అందుకని బడు కనబడగానే "కర్త లేడు" అనుకోకండి, "ఎవరు" అని అడగండి. చుట్టుపక్కల వచనాల్లో దొరికితే రాసుకోండి.

దొరకకపోతే? ఇక్కడికే జీడితోట అక్కగారు వస్తారు.

ఆమె ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు తన బైబిలు చూపించింది. తిత్లీ రాత్రి రేకులు లేచిపోయి తడిసింది. ఎండబెట్టినా ఉబ్బి రెండింతలు లావైంది, అట్ట మూసుకోదు, రబ్బరు బ్యాండు వేసి తెస్తుంది. మధ్యలో కొన్ని పేజీలు ముద్దలా అంటుకుపోయాయి. ఏ పుస్తకమా అని చూస్తే, కష్టాల కథ చెప్పే యోబు గ్రంథం. ఇద్దరం నవ్వుకున్నాం, ఏం చేస్తాం. అదృష్టవశాత్తూ మొదటి రాజులు బాగానే ఉంది. 19వ అధ్యాయం తీసి 11వ వచనం ఆమెచేతనే చదివించాను. పర్వతాలను బద్దలు కొట్టేంత గాలి వచ్చింది, "గాని యెహోవా ఆ గాలిదెబ్బయందు ప్రత్యక్షము కాలేదు." ఆమె అక్కడ ఆగి, వేలు ఆ వచనం మీదే ఉంచి, ఇంకోసారి చదివింది.

గాలి దేవుని అధికారం కింద లేదని కాదు. ఆ గాలిలో ఆమెకు ఒక రహస్య సందేశం పంపాడని ఏ వాక్యమూ చెప్పలేదు, అంతే. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులా అని అడిగి కాదు అన్నాడు యేసు (లూకా 13:4-5). ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు. ద్వితీయోపదేశకాండం 29:29ని కంఠస్థం చేయండి: "రహస్యములు మన దేవుడైన యెహోవాకు చెందును." బయలుపరచబడినవి మనకూ మన పిల్లలకూ చెందుతాయి. రెండు ఖాతాలు. ఆయన ఖాతాలో ఉన్నదాన్ని మనం ఊహించి పూరిస్తే, అది ప్రత్యక్షత కాదు, మన కల్పన.

అందుకని నా పద్ధతి ఏమిటంటే, కర్త బైబిల్లో దొరకని చోట నోట్సులో ఒక గీత పెడతాను. అడ్డగీత, అంతే. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఏమిటో పరిశోధకులు ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. నీళ్లంటారు, ఎండలో పనంటారు, ఇంకా ఏవేవో పరీక్షిస్తున్నారు. వాళ్ల నోట్సులోనూ గీతే ఉంది, కానీ గీత ఉంది కదా అని పరీక్షలు ఆపలేదు. ఆ తండ్రిగారికి ఈ మాట చెప్పండి బాబూ: జబ్బు పక్కన గీత ఉంది, డయాలసిస్ పక్కన మాత్రం గీత లేదు, తీసుకెళ్లే కొడుకు పేరు ఉంది.

వాగ్దాన కార్డుల గురించి రెండు వాక్యాలు, ఎందుకంటే నలుగురు వాటినే జవాబుగా అంటించి పంపారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన కార్డు మీద యిర్మీయా 29:11, మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే అనే వచనం, వస్తే సంతోషమే, నాకూ వచ్చింది ఒక ఏడాది. కానీ ఆ ఉత్తరం బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు రాసింది. పై వచనంలోనే డెబ్బై ఏళ్ల తర్వాత అని ఉంది, ఆ డెబ్బై ఏళ్లు ఏ కార్డు మీదా నేను చూడలేదు. చిలక చేత కార్డు తీయించినట్టు బైబిలు తీయకండి.

అభ్యాసం. ఈసారి కాస్త బరువుగానే ఉంటుంది, తిట్టుకోకండి. నిర్గమకాండం 5 నుంచి 14 దాకా, పది అధ్యాయాలు, ఒకే కూర్చోవడంలో, నోటితో పైకి చదవండి. ఫోన్లో కాదు, అచ్చు పుస్తకంలో, పెన్సిలు పట్టుకుని. హృదయం కఠినమైన ప్రతి చోటా మూడు రూపాల్లో ఏదో రాయండి: పరచుకొనెను, ఆయెను, పరచెను. "తెలిసికొందురు" వచ్చిన ప్రతి చోటా ఎవరు తెలుసుకోవాలో రాయండి, ఐగుప్తీయులా, ఇశ్రాయేలీయులా, ఫరోనా. జాబితా పూర్తయ్యాక పోయిన నెల మీ జవాబు మళ్లీ తీయండి. ప్రతి క్రియ పక్కనా కర్త పేరు రాయండి. మీరు చేసింది మీ పేరు మీదే రాయండి. వాక్యం దేవుడు చేశాడన్నది దేవుని పేరు మీద రాయండి. తెలియని చోట గీత. "ఇంచు" కనబడితే రెండుసార్లు ఆలోచించండి.

డీఎస్సీ తమ్ముడూ, నీ జవాబు నేనే సరిదిద్ది పంపుతున్నాను. "రాలేదు" అనే చోట కర్త పెట్టాను: "నేను సైకాలజీలో మార్కులు పోగొట్టుకున్నాను" అని. మార్కుల కాగితం నువ్వే పంపావు కాబట్టి అది నాకు తెలుసు. "దేవుని చిత్తం కాదు" అన్న చోట గీత పెట్టాను. పుస్తకాలు అమ్మిన పాత పుస్తకాల కొట్టు ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది, ఆరాధన అయ్యాక ఒకసారి వెళ్లి అడుగు, ఇంకా అక్కడే ఉండొచ్చు.